విశాఖ బండి ఎక్కేముందు: పిండానికి జన్యు పరీక్ష ఎలా చేయించుకోవాలి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఉండే మన తెలుగు కుటుంబాలు ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) కోసం విశాఖపట్నం వెళ్తాయి, లేదంటే భువనేశ్వర్ వెళ్తాయి. అక్కడ రెండో మూడో విజిట్‌లో ఒక మాట వినిపిస్తుంది: "పిండాలకు జెనెటిక్ టెస్ట్ కూడా చేయించేద్దాం, సేఫ్‌గా ఉంటుంది." ఏళ్ల తరబడి ఎదురుచూసిన దంపతులు సేఫ్ అన్న మాట విన్నాక కాదని ఎలా అంటారు? తలూపేస్తారు, బిల్లు పెరుగుతుంది. కొందరికి ఆ ఖర్చు నిజంగా అవసరం, చాలామందికి కాదు. ఇక నిజంగా అవసరమైన వాళ్లలో కొందరికి చేయాల్సిన పరీక్ష ఒకటైతే చేసేది మరొకటి అవుతుంది.

ఈ పరీక్ష మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది, అడగనిది చెప్పదు. మీ ప్రశ్న ఏమిటో బండి ఎక్కకముందే తేల్చుకుంటే సగం పని అయినట్టే. దానికి కావలసిన రక్తపరీక్షలు చాలావరకు మన వైపే అవుతాయి.

మొదటి పని: మీ ప్రశ్న ఏదో తేల్చుకోండి

పిండానికి చేసే ఈ జన్యు పరీక్షను పీజీటీ అంటారు. ఆ పేరు కింద మూడు వేర్వేరు పరీక్షలున్నాయి. పీజీటీ-ఎ అంటే క్రోమోజోముల లెక్క చూడటం. పిండంలోని ఒక్కో కణంలో 46 ఉండాలి. ఒకటి ఎక్కువైనా తక్కువైనా చాలాసార్లు గర్భం నిలవదు, నిలిచినా డౌన్ సిండ్రోమ్ లాంటివి రావచ్చు. పీజీటీ-ఎం అంటే కుటుంబంలో ఉన్న ఒకానొక జన్యు జబ్బు కోసం వెతకడం: సికిల్ సెల్, థలసీమియా (రెండూ రక్తంలోని హిమోగ్లోబిన్ జబ్బులు), హీమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు), కండరాల క్షీణత లాంటివి. పీజీటీ-ఎస్‌ఆర్ అంటే భార్యాభర్తల్లో ఒకరికి క్రోమోజోము ముక్కలు చోటు మారి ఉన్నట్టు ముందే తెలిస్తే చేసేది. వరసగా గర్భాలు పోతున్న దంపతులు కారియోటైప్ అనే రక్తపరీక్ష చేయించుకుంటే ఈ సంగతి బయటపడుతుంది.

క్లినిక్‌లో "జెనెటిక్ టెస్ట్" అని ఊరికే అన్నారంటే ఎక్కువసార్లు అది పీజీటీ-ఎ అయి ఉంటుంది. అది సికిల్ సెల్‌ను చూడదు, థలసీమియాను చూడదు. భార్యాభర్తలిద్దరూ సికిల్ క్యారియర్లయి (తమకు జబ్బు లేకుండా జబ్బు జన్యువు ఒకటి మోస్తున్నవాళ్లయి) ఉండి పీజీటీ-ఎ మాత్రమే చేయించుకుంటే, "నార్మల్" అని వచ్చిన పిండంలో కూడా జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒకవంతు అలాగే ఉంటుంది. మన జిల్లాల వాళ్లు ఈ ఒక్క సంగతి మరిచిపోకూడదు.

రెండో పని: హెచ్‌పీఎల్‌సీ, ఇద్దరికీ

దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ బాగా కనిపించే జబ్బు. గిరిజనులకే వస్తుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు, అన్ని కులాల్లోనూ కనిపిస్తుంది. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఒడిశా, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర కూడా ఉన్నాయి. 2047 నాటికి జబ్బు లేకుండా చేయాలన్నది లక్ష్యం. ఆ మిషన్ క్యాంపుల్లో మీకు ఇప్పటికే పరీక్ష అయి ఉంటే ఆ కార్డు వెతికి తీయండి.

అయితే క్యాంపుల్లో మామూలుగా మొదట చేసేది సాల్యుబిలిటీ టెస్ట్. రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందా లేదా అన్నదే అది చెబుతుంది. ఉన్నవాళ్లు క్యారియరా, రోగా చెప్పలేదు. థలసీమియా క్యారియర్‌ను అసలు పట్టుకోలేదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. భార్య సికిల్ క్యారియర్, భర్త బీటా థలసీమియా క్యారియర్ అనుకోండి. భర్తకు క్యాంపులో "నెగెటివ్" అని వస్తుంది, ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ పుట్టే ప్రతి బిడ్డకూ సికిల్-బీటా థలసీమియా వచ్చే అవకాశం నూటికి 25 ఉంటుంది. కొన్ని రకాల్లో అది అసలు సికిల్ జబ్బంత తీవ్రంగానూ ఉంటుంది.

అందుకని ఇద్దరూ హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష అడగండి, రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో అది చెబుతుంది. బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ లాంటి ఆస్పత్రుల్లో, మీ జిల్లా ప్రధాన ఆస్పత్రిలో కనుక్కోండి. పెద్ద ప్రైవేటు లాబుల వాళ్లయితే మన ఊళ్లో రక్తం తీసుకుని బయటకు పంపి చేయిస్తారు. రిపోర్టులో "హెచ్‌బీ ఎస్" (సికిల్ హిమోగ్లోబిన్) అన్న గీత ఉందా చూడండి. తర్వాత "హెచ్‌బీ ఎ2" అంకె చూడండి. అది 3.5 శాతం దాటితే థలసీమియా క్యారియరేమోనని అనుమానించి డాక్టర్‌కు చూపించాలి. రెండు జాగ్రత్తలు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే ఈ రిపోర్టు నమ్మలేం. ఐరన్ బాగా తక్కువగా ఉన్నా ఎ2 అంకె తగ్గి కనిపించవచ్చు. రెంటిలో ఏది ఉన్నా ముందే చెప్పండి.

ఇంట్లో అత్తగారు "మా వంశంలో అలాంటివి లేవమ్మా" అనొచ్చు. "లేకపోతే మంచిదే కదా అత్తయ్యా, ఒకసారి చూపించుకుంటే పోతుంది" అని ఊరుకోండి. క్యారియర్‌కు ఏ బాధా ఉండదు. తాతముత్తాతల నుంచి చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుంది. ఇద్దరు క్యారియర్లు కలిసినప్పుడే బయటపడుతుంది.

మూడో పని: ఇంటి వంశవృక్షం కాగితం మీద

మూడు తరాలు రాయండి. చిన్నప్పుడే పోయిన పిల్లలు, పుట్టగానే పోయినవాళ్లు, నిలవని గర్భాలు, తరచూ రక్తం ఎక్కించుకున్నవాళ్లు, కీళ్ల నొప్పులతో ఆస్పత్రి పాలైన పిల్లలు, నడక ఆలస్యమైనవాళ్లు, మాట రానివాళ్లు. పేర్లు అక్కర్లేదు, ఎవరికి ఏమవుతారో, ఏ వయసులో ఏమైందో చాలు. ఈ వివరాలు మగవాళ్లకు తెలియవు. మీ అమ్మమ్మనో, పెద్ద మేనత్తనో కూర్చోబెట్టి అడగండి.

మేనరికం అయితే అది పెద్దక్షరాలతో రాయండి. మేనమామ, మేనత్త పిల్లల మధ్య పెళ్లిలో దంపతుల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడివి. సొంత మేనమామను చేసుకుంటే నాలుగో వంతు. అందువల్ల ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉండే అవకాశం పెరుగుతుంది. మేనరికం చేసుకున్నందుకు సిగ్గుపడనక్కర్లేదు, చాలా మేనరికాల్లో పిల్లలు బాగానే పుడతారు. కానీ డాక్టర్ మందలిస్తారేమోనని దాచిపెట్టే వాళ్లు చాలామంది ఉన్నారు. దాస్తే నష్టం మీకే. ఎలాగో ఐదో పనిలో చెబుతాను.

నాలుగో పని: ఐవీఎఫ్ లేకుండా దారి ఉందేమో అడగండి

మీకు పిల్లలు మామూలుగానే కలుగుతారు, సికిల్ భయం మాత్రమే ఉంది అనుకోండి. అప్పుడు పీజీటీ ఒక్కటే దారి కాదు. మామూలుగా గర్భం దాల్చి, 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే సీవీఎస్ ఉంది. ఖర్చు ఐవీఎఫ్‌తో పోలిస్తే చాలా తక్కువ. దానిలోని కష్టం వేరు. బిడ్డకు జబ్బు ఉందని తేలితే గర్భం ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం మీద పడుతుంది. 20 వారాల లోపు ఒక డాక్టర్ అభిప్రాయంతో గర్భస్రావానికి చట్టం వీలు కల్పిస్తుంది. కానీ చట్టం ఒప్పుకున్నంత తేలిగ్గా మనసు ఒప్పుకోదు. ఒకసారి ఆ బాధ పడినవాళ్లు, మళ్లీ పడలేమనేవాళ్లు పీజీటీ వైపు వెళ్తారు. అది అర్థం చేసుకోదగ్గ కారణం. జన్యు కౌన్సెలింగ్‌లో ఈ రెండు దారులూ మీ ముందు పెట్టకుండా నేరుగా ఐవీఎఫ్ ప్యాకేజీ చూపించారంటే, ఇంకో డాక్టర్‌ను కూడా కలవండి.

ఇక సంతానలేమి వల్ల ఐవీఎఫ్‌కు ఎలాగూ వెళ్తున్నవాళ్ల సంగతి. కుటుంబంలో జబ్బు లేదు, భార్య వయసు ముప్ఫై లోపు, పీజీటీ-ఎ చేయమంటున్నారు. నా అభిప్రాయం: గట్టిగా ప్రశ్నించండి. 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో చైనాలో జరిగిన అధ్యయనం ఒకటి వచ్చింది. 20 నుంచి 37 ఏళ్ల మధ్య వయసుండి మంచి పిండాలు మూడుకి తగ్గకుండా ఉన్న 1,212 మంది మహిళలు అందులో ఉన్నారు. పీజీటీ-ఎ చేయించుకున్నవాళ్లలో 77.2 శాతం మందికి, చేయించుకోనివాళ్లలో 81.8 శాతం మందికి బిడ్డ పుట్టింది. అంటే అలాంటి వాళ్లకు ఈ పరీక్ష బిడ్డ పుట్టే అవకాశాన్ని పెంచలేదు. నలభైకి దగ్గరపడుతున్నవాళ్ల లెక్క వేరు. ఆ వయసులో పిండాల్లో సగానికి పైగా క్రోమోజోముల తేడాతో ఉంటాయి, కాబట్టి ఏది పెట్టాలో ముందే తెలిస్తే నిలవని గర్భాలు, వృథా నెలలు కొన్ని తప్పుతాయి. అయినా పరీక్ష మంచి పిండాన్ని తయారు చేయదు. ఉన్నవాటిలోంచి ఏరుతుంది, అంతే.

ఐదో పని: క్లినిక్, లాబ్, కాగితాలు

ఐవీఎఫ్ కేంద్రాలు 2021 నాటి ఏఆర్‌టీ చట్టం (సంతాన చికిత్సల చట్టం) కింద రిజిస్టర్ అయి ఉండాలి. లెవెల్ 1 అంటే ఐయూఐ (వీర్యాన్ని గర్భాశయంలోకి పంపడం) వరకే. ఐవీఎఫ్ చేయాలంటే లెవెల్ 2 ఉండాలి. ఆ సర్టిఫికెట్, పీసీపీఎన్‌డీటీ (లింగ ఎంపికను నిషేధించే చట్టం) సర్టిఫికెట్ గోడమీద ఉంటాయి, చదవండి. కణాలు వెళ్లే జన్యు లాబ్‌కు కూడా పీసీపీఎన్‌డీటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ లాబ్ చాలాసార్లు వేరే నగరంలో ఉంటుంది. పేరు అడిగి రాసుకోండి. ఏఆర్‌టీ చట్టం ప్రకారం భార్య వయసు 21 దాటి 50 లోపు, భర్త వయసు 21 దాటి 55 లోపు ఉండాలి. పిండానికి జన్యు పరీక్ష తెలిసిన, వంశపారంపర్యంగా వచ్చే జన్యు జబ్బుల కోసమే చేయాలని కూడా అదే చట్టం చెబుతుంది. రంగు, ఎత్తు, తెలివి అంటూ ఎవరైనా మాట్లాడితే లేచి వచ్చేయండి.

పేర్ల గొడవ మన సరిహద్దు వాళ్లకు ప్రత్యేకం. ఆంధ్రాలో చదువుకున్న భార్య కాగితాల్లో ఇంటిపేరు ముందు, పొడి అక్షరంగా ఉంటుంది. ఒడిశాలో చదువుకున్న భర్త కాగితాల్లో ఇంటిపేరు చివర పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పెళ్లి సర్టిఫికెట్‌లో మరొకటి. పిండాల కణాలు వెళ్లే చిన్న ట్యూబుల మీద రాసేది మీ పేరే. మొదటి రోజే ఆధార్‌లో ఉన్నట్టుగా ఒకే స్పెల్లింగు ఎంచుకుని, రక్త పరీక్షల నుంచి చివరి రిపోర్టు దాకా అదే రాయించండి.

సమ్మతి పత్రాలు మీకు వచ్చిన భాషలో చదివి వినిపించమనండి. మనలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ బడిలో ఒడియా చదువుకున్నాం. విశాఖలో తెలుగు కాగితం ఇస్తే భర్తకు, భువనేశ్వర్‌లో ఒడియా కాగితం ఇస్తే భార్యకు చదవడం రాకపోవచ్చు. సంతకం ఇద్దరిదీ కాబట్టి ఇద్దరికీ అర్థం కావాలి. కాపీ అడిగి తెచ్చుకోండి.

పీజీటీ-ఎం అయితే లాబ్‌కు ముందస్తు పని చాలా ఉంటుంది, దానికి కొన్ని వారాలు పడుతుంది. ఇది అయ్యేదాకా ఇంజెక్షన్లు మొదలుపెట్టనివ్వకండి. లాబ్‌కు హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు చాలదు. హెచ్‌బీబీ అనే జన్యువులో మీ ఇద్దరిలో ఉన్న మార్పు ఏమిటో చెప్పే డీఎన్‌ఏ రిపోర్టు కావాలి. సికిల్‌కు ఆ మార్పు అందరిలో ఒకటే. థలసీమియాకు మాత్రం చాలా రకాలున్నాయి. దీనితోపాటు మీ ఇద్దరి రక్తం, జబ్బున్న బిడ్డ ఉంటే ఆ బిడ్డ రక్తం, లేకపోతే ఇరువైపులా తల్లిదండ్రుల రక్తం అడుగుతారు. జబ్బున్న జన్యువు పక్కన ఉండే గుర్తుల్ని బట్టి, ఏ క్రోమోజోము ఎవరి నుంచి వచ్చిందో లాబ్ పోల్చుకుంటుంది. మేనరికం దాస్తే నష్టమని అన్నది ఇందుకే. ఒకే తాత వారసులైన దంపతుల్లో ఆ గుర్తులు ఇద్దరిలోనూ ఒకేలా ఉండొచ్చు. లాబ్‌కు ముందే తెలిస్తే మరికొన్ని గుర్తులు వెతుకుతుంది. తెలియకపోతే పని చివర్లో ఆగిపోతుంది. పెద్దవాళ్లను విశాఖ దాకా తిప్పక్కర్లేదు. ఊదారంగు మూత ట్యూబులో తీసిన రక్తాన్ని మన ఊరి లాబ్ నుంచి పంపించే ఏర్పాటు ఉందేమో అడగండి.

ఆరో పని: ఖర్చు మొత్తం ఒక కాగితం మీద రాయించుకోండి

"ప్యాకేజీ ఇంత" అన్న మాట నమ్మకండి. కింది అంకెలు విడివిడిగా రాసిమ్మనండి: ఇంజెక్షన్లు, అండాలు తీయడం, ఇక్సీ (అండంలోకి సూదితో వీర్యకణం పంపడం), పిండాల్ని ఐదోరోజు దాకా పెంచడం, ప్రతి పిండానికి బయాప్సీ (కణాలు తీయడం), ప్రతి పిండానికి లాబ్ ఫీజు, పీజీటీ-ఎం ముందస్తు పనికి వేరే ఫీజు, ఫ్రీజింగ్, ఏడాదికి నిల్వ ఖర్చు, తర్వాత పిండాన్ని పెట్టే సైకిల్. పరీక్షకు ఒక్క పిండం కూడా నిలవకపోతే ఏ ఫీజు తిరిగి ఇస్తారో కూడా రాయించండి. బీమా కార్డుతో అవుతుందని ఎవరైనా అంటే ఆ మాట కూడా రాతలోనే తీసుకోండి. ఆంధ్రా పథకాలు ఒడిశా చిరునామా వాళ్లకు వర్తించవు.

ఏడో పని: ఇంజెక్షన్ల రోజులు, ప్రయాణం

నెలసరి రెండో మూడో రోజు నుంచి సుమారు పది పన్నెండు రోజుల పాటు ఇంజెక్షన్లుంటాయి. మధ్యలో మూడు నాలుగు స్కాన్లు. మొదటి స్కాన్లు బరంపురంలోనో రాయగడలోనో మీ గైనకాలజిస్ట్ దగ్గర చేయించి, వాట్సాప్‌లో పంపితే చాలా అని క్లినిక్‌ను ముందే అడగండి. ఒప్పుకుంటే రెండు రానుపోను ఖర్చులు మిగులుతాయి. చివరి నాలుగైదు రోజులు మాత్రం క్లినిక్ ఉన్న ఊళ్లోనే ఉండాలి, చుట్టాల ఇంట్లోనో లాడ్జిలోనో.

ఫ్రిజ్‌లో పెట్టాల్సిన ఇంజెక్షన్లకు 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి. ఐస్ డబ్బాలో తెచ్చేటప్పుడు మంచుగడ్డకు నేరుగా తగలనివ్వకండి, గడ్డకడితే మందు పాడవుతుంది. మే నెలలో రాయగడ ఎండకు కిటికీ పక్కన బ్యాగు పెట్టకండి. కరెంటు పోయే ఊరైతే మందుల షాపులో ఫ్రిజ్ వాడుకోనిస్తారేమో అడగండి.

అండాల్ని చివరిగా పక్వానికి తెచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ టైము గంట నిమిషాలతో సహా చెప్తారు. అది వేసిన 35, 36 గంటలకు అండాలు తీస్తారు. అర్ధరాత్రి అయినా సరే, చెప్పిన టైముకే వేసుకోవాలి. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా వచ్చే రైలు లేటయిందని అండాలు ఆగవు. కాబట్టి ట్రిగ్గర్ నాటికే విశాఖలో ఉండాలి. అండాలు తీసే రోజు భర్త కూడా అక్కడే ఉండాలి, శాంపిల్ ఇవ్వాలి, సంతకాలు చేయాలి. పీజీటీ-ఎం వాళ్లకు ఇంకో సంగతి. ఇంజెక్షన్లు మొదలైన దగ్గర్నుంచి, పిండాన్ని పెట్టే నెలలో కూడా భార్యాభర్తల కలయిక వద్దని చెప్తారు, లేదా కండోమ్ వాడమంటారు. మామూలుగా గర్భం వచ్చేస్తే పరీక్ష చేసిన పిండం ఏదో, చేయనిది ఏదో తెలియదు. చాలా చోట్ల సిగ్గుతో ఈ మాట చెప్పరు.

అండాలు తీశాక రెండు మూడు రోజులు కడుపు ఉబ్బరం మామూలే. కానీ కడుపు బిగుసుకుపోయి, రోజుకో కిలో బరువు పెరిగి, మూత్రం తగ్గి, ఊపిరి ఆడకపోతే అది ఓవరీలు అతిగా స్పందించడం. వెంటనే ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లాలి. గుణుపురం తిరిగి వచ్చేశాక రాత్రిపూట ఇలా అయితే ఎక్కడికి వెళ్లాలో వచ్చేముందే అడిగి పెట్టుకోండి.

ఎనిమిదో పని: లాబ్‌లో ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపుతారు, అదే ఇక్సీ. పీజీటీ-ఎంకు ఎక్కువగా ఇదే ఎంచుకుంటారు, ఎందుకంటే పిండం బయట అంటుకున్న వీర్యకణాల డీఎన్‌ఏ పరీక్షలో కలవకూడదు. ఐదు లేదా ఆరో రోజుకు పిండం నూరు కణాలు దాటి బ్లాస్టోసిస్ట్ అవుతుంది. అందులో రెండు భాగాలుంటాయి: లోపలి ముద్ద బిడ్డ అవుతుంది, బయటి పొర మావి అవుతుంది. లేజర్‌తో బయటి పొర నుంచి ఐదు నుంచి పది కణాలు మాత్రం తీస్తారు. అవే లాబ్‌కు వెళ్తాయి. పిండం క్లినిక్‌లోనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంటుంది. రిపోర్టు రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది.

మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందని చెప్పినట్టే ఇది కూడా. కాకపోతే ఇక్కడ మెతుకు బిడ్డ నుంచి కాదు, మావి అయ్యే పొర నుంచి తీసింది. చాలాసార్లు రెండూ ఒకటే ఉంటాయి, అన్నిసార్లూ కాదు.

సంఖ్యలు ఎలా తగ్గుతాయో ముందే మనసుకు చెప్పుకోండి. పది అండాలు వస్తే ఎనిమిది పక్వమైనవి ఉండొచ్చు, ఆరు ఫలదీకరణ చెందొచ్చు, మూడు ఐదోరోజుకు చేరొచ్చు. సికిల్ జబ్బు లేనివి సగటున నాలుగింట మూడు వంతులు కాబట్టి రెండు మిగలొచ్చు. వయసును బట్టి ఈ అంకెలు మారతాయి. ఒక్కటీ మిగలని సైకిల్ కూడా ఉంటుంది. "పది అండాలొచ్చాయట!" అని ఇంటికి ఫోన్ చేసి చెప్పే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి.

తొమ్మిదో పని: రిపోర్టు చదవడం

పీజీటీ-ఎంలో ప్రతి పిండానికి మూడింట్లో ఒకటి రాస్తారు: జబ్బు ఉంది, క్యారియర్, జబ్బు జన్యువు లేదు. క్యారియర్ పిండాన్ని పారేయక్కర్లేదు. మీరిద్దరూ క్యారియర్లే కదా, ఆరోగ్యంగానే ఉన్నారు. ఆ బిడ్డ పెళ్లీడుకు వచ్చాక అవతలివాళ్ల రక్తం చూసుకుంటే సరిపోతుంది. క్యారియర్లు కాని పిండాలే కావాలని పట్టుబట్టి ఉన్న రెండు పిండాల్లో ఒకదాన్ని వదులుకోవడం నాకు అర్థం కాని పట్టుదల.

పీజీటీ-ఎలో "మొజాయిక్" అని రావచ్చు, అంటే తీసిన కణాల్లో కొన్ని మామూలువి, కొన్ని తేడావి. నార్మల్ పిండాలు వేరే ఉంటే ముందు అవే పెడతారు. వేరే లేకపోతే మొజాయిక్ గురించి వివరంగా మాట్లాడండి. 2015లో ఇటలీ వైద్యులు మొజాయిక్ పిండాలు పెట్టిన 18 మంది మహిళల్లో ఆరుగురికి ఆరోగ్యమైన బిడ్డలు పుట్టారని ప్రచురించారు. "నో రిజల్ట్" అంటే పిండం చెడ్డదని కాదు, కణాల్లోంచి డీఎన్‌ఏ సరిగ్గా రాలేదని. కరిగించి మళ్లీ కణాలు తీసి మళ్లీ ఫ్రీజ్ చేయొచ్చు, పిండం కాస్త దెబ్బతినే అవకాశం ఉంది. రిపోర్టును ఫోన్‌లో "రెండు బాగున్నాయి మేడం" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. పూర్తి కాపీ తెచ్చుకోండి.

అబ్బాయా, అమ్మాయా

ఈ పరీక్షలో ఆ సంగతి లాబ్‌కు కనిపిస్తుంది. మీకు చెప్పడం నేరం. మన దేశంలో పీసీపీఎన్‌డీటీ చట్టం 2003 నుంచి గర్భానికి ముందు, పిండ దశలో చేసే లింగ ఎంపికను కూడా నిషేధించింది. అడిగినవాళ్లకు మొదటిసారి మూడేళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా. భార్యను భర్త, అత్తింటివారే బలవంతపెట్టారని చట్టం ముందే అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది వాళ్లు. ఐవీఎఫ్‌లో లింగ ఎంపిక చేస్తామని ప్రకటించే క్లినిక్‌లకు ఏఆర్‌టీ చట్టం కింద శిక్షలు ఇంకా పెద్దవి. హీమోఫీలియా లాంటి, మగబిడ్డలకే ఎక్కువగా వచ్చే జబ్బుల్లో డాక్టర్లకు చట్టంలో ఒక మినహాయింపు ఉంది. అది కుటుంబంలో ఆ జబ్బు ఉన్నవాళ్లకే. "మాకు తెలిసిన చోట చెప్తారట" అని ఎవరైనా బావగారు ఊరి పేరు చెప్తే, ఆ ఊరి పేరు మరిచిపోండి. అలాంటి చోట మిగతా పరీక్షలైనా నిజాయితీగా చేస్తారని నమ్మకం ఏముంది?

పదో పని: పిండం పెట్టాక

గర్భాశయం పొరను మాత్రలతో సిద్ధం చేసి, ఒక నెలలో ఒక పిండాన్ని పెడతారు. పరీక్ష చేసిన పిండం కాబట్టి ఒకటే పెట్టమనండి. రెండు పెడితే కవలలు, నెలలు నిండకుండా కాన్పు, ఆ తర్వాత పసికందుల ఐసీయూ బిల్లు. నార్మల్ పిండం పెట్టినా ప్రతిసారీ గర్భం నిలవదు, మూడింట ఒక వంతు మందికి పైగా మొదటిసారి నిలవకపోవచ్చు. అది మీ నడక వల్లో, మెట్లెక్కడం వల్లో, రాయగడ బస్సు కుదుపుల వల్లో కాదు. పది పద్నాలుగు రోజులకు, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష మన ఊళ్లోనే చేయించుకోవచ్చు.

గర్భం నిలిచాక "పీజీటీ అయింది కదా, ఇంకేం అక్కర్లేదు" అనుకోవద్దు. పరీక్ష నూటికి నూరు పాళ్లు కాదు. అందుకే పీజీటీ-ఎం వాళ్లకు 11 నుంచి 13 వారాల మధ్య సీవీఎస్, లేదా 16 వారాల తర్వాత ఉమ్మనీటి పరీక్షతో నిర్ధారించుకోమని సలహా ఇస్తారు. చేయించుకోవాలా వద్దా మీ ఇష్టం, కానీ అడగకుండా వదిలేయకండి. పదకొండు, పదమూడు వారాల మధ్య ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక ద్రవం చూసేది), 18, 20 వారాల మధ్య అనామలీ స్కాన్ (అవయవాల్లో లోపాలు చూసేది) అందరిలాగే చేయించుకోవాలి. గుండెలో రంధ్రం, పెదవి చీలిక లాంటివి పిండం పరీక్షలో కనిపించవు. కాన్పు ఎక్కడ చేయించుకున్నా, ఆ డాక్టర్ దగ్గర పీజీటీ రిపోర్టు కాపీ ఒకటి ఉంచండి. సికిల్ కోసం పరీక్ష చేయించుకున్న కుటుంబమైతే పుట్టిన బిడ్డకు రక్తపరీక్ష ఎప్పుడు చేయాలో పిల్లల డాక్టర్‌ను అడగండి. పుట్టగానే ఒకసారి, కొన్ని నెలలయ్యాక మళ్లీ ఒకసారి చేయమంటారు.

మిగిలిన పిండాలు ఫ్రీజర్‌లోనే ఉంటాయి. చట్టం ప్రకారం పదేళ్లకు మించి ఉంచకూడదు. ఏడాదికొకసారి నిల్వ ఫీజు కట్టాలి. ఫోన్ నంబర్ మారినా, ఊరు మారినా క్లినిక్‌కు మెయిల్ పెట్టండి. రెండో బిడ్డ కావాలనుకున్నప్పుడు ఇంజెక్షన్లు, అండాలు తీయడం మళ్లీ అక్కర్లేదు, ఫ్రీజ్ చేసిన పిండాన్ని పెట్టే సైకిల్ ఒక్కటి సరిపోతుంది.